పాత పడవకు కొత్త తాళ్ళు

"ఆ పడవ అమ్మెయ్యండి" అన్నది మా ఆవిడ, కారు తలుపు వేసుకుంటూ.

అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఇల్లు చేరేదాకా రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా కారు నడిపింది. ఆ వేళ నడపటం ఆవిడ వంతు ఎందుకయిందంటే, నా కళ్ళజోడు అప్పటికే చెసపీక్ అఖాతం అడుగుకు చేరింది. కొంచెంలో తప్పింది గాని, కళ్ళజోడు వెనకనే నేనూ వెళ్ళవలసినవాణ్ణి.

ఇది 2022 సెప్టెంబరులో ఒక ఆదివారం నాటి మాట. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో మా కాపురం. ఆ రాష్ట్రాన్ని నిలువునా రెండుగా చీల్చుకుంటూ చెసపీక్ అఖాతం వుంటుంది. పొడవు సుమారు 200 మైళ్ళు; లోతు మటుకు సగటున 21 అడుగులే. దాని పడమటి ఒడ్డున అనాపొలిస్ అనే చిన్న వూరు రాష్ట్రానికి ముఖ్యపట్టణం. అక్కడ ఏ వాగులోకి తొంగి చూసినా తెరచాప పడవలే. వాటిలో ఒకటి మాది. 1976లో తయారయిన 27 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. పదేళ్ళ కిందట ఒక పాత కారు ఖరీదుకు కొన్నాను.

"ఇంజనీరు ఉద్యోగం చేసుకునేవాడికి పడవ పిచ్చి ఏమిటి?" అని మీరు అడగవచ్చు. మాది గోదావరి డెల్టాలో కాలవ ఒడ్డున వున్న వూరు. నా చిన్నతనంలో ధాన్యం పడవలు మా వీధి అరుగు మీదికి కనబడేవి. గాలి వుంటే తెరచాప. లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ఆ తాడు భుజాన వేసుకుని పది అడుగులు నడవాలని నాకు మహా కోరికగా వుండేది. మా నాన్నగారు నడవనిచ్చారు కారు. ఆ కోరిక నలభయ్యేళ్ళు లోపల దాక్కుని, చివరికి ఇక్కడ బయటపడిందని నా అనుమానం.

ఇంతకూ ఆ ఆదివారం జరిగింది ఇదీ. ఎండాకాలం చివర ఈ అఖాతం మీద మధ్యాహ్నం దాటాక చెప్పాపెట్టకుండా గాలీవానా లేస్తుంది. గాలి వేగం రెట్టింపయితే తెరచాప మీద తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అందుచేత గాలి పెరగగానే తెరచాపను కొంత దించి, కింది భాగాన్ని మడిచి కట్టేస్తారు. దానికి రీఫ్ చెయ్యటమని పేరు. వాగు దాటేటప్పుడు మనం పంచె ఎగ్గట్టుకోమూ, అదే పని.

మా పడవలో ఆ పనికి కావలసిన తాళ్ళన్నీ నడిమధ్య తెరచాప కొయ్యకే కట్టి వుండేవి. (పేరుకు కొయ్య గాని, అది అల్యూమినియం గొట్టం.) గాలి వచ్చినప్పుడల్లా చుక్కాని పిడి మా ఆవిడ చేతికిచ్చి, ఎగిరిపడే పడవ మీద నేను కొయ్య దాకా పాక్కుంటూ వెళ్ళాలి. ఆ వేళ వెళ్ళాను. తాడు విప్పాను. పడవ ఒక్క వూపు వూగింది. కాలు జారింది. కొయ్యను పక్కనుంచి పట్టి వుంచే ఇనుప తీగ చేతికి దొరికింది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. నేను నీళ్ళలో పడితే ఆవిడ ఒక్కతే తెరచాప దించలేదు. దించాలంటే తాళ్ళు కొయ్య దగ్గర వున్నాయి. చుక్కాని వదిలి ఆవిడ అక్కడికి రాలేదు.

మర్నాడు కాఫీ ఇస్తూ మా ఆవిడ తీర్పు కొంచెం సడలించింది. "మీరు ఆ కొయ్య దగ్గరికి వెళ్ళకుండా నడిచే పడవయితే వుంచండి. నాకూ అర్థమయ్యేట్టు వుండాలి. లేకపోతే వచ్చే వేసవికి అమ్మెయ్యాల్సిందే."

నేను అప్పీలు చేసుకోలేదు.

తాళ్ళ జాతకం

పడవలో తాడు అనే పేరుగల తాడు ఒక్కటీ వుండదు. తెరచాపను పైకి ఎత్తే తాడు హేలియార్డ్. తెరచాపను గాలికి తగ్గట్టు లోపలికి బయటికి తిప్పే తాడు షీట్. షీట్ అంటే తెరచాప గుడ్డ అనుకుని మా ఆవిడ రెండేళ్ళ పాటు నాతో వాదించింది. తెరచాప కింది అంచును పట్టుకునే అడ్డకొయ్య పైకి లేవకుండా లాగి పట్టేది వాంగ్. ఇక రీఫ్ తాళ్ళు. తెరచాప ముందు అంచున ఒక కన్నం, వెనక అంచున ఒక కన్నం వుంటాయి. తెరచాప దించి, ఆ రెండు కన్నాలనూ అడ్డకొయ్య దాకా లాగి బిగిస్తే కింది గుడ్డకు పని తప్పుతుంది.

ఈ తాళ్ళను కొయ్య మొదట్లో గిలకల గుండా తిప్పి, గది కప్పు మీదుగా వెనక్కి, అంటే మనుషులు కూర్చునే గుంటలోకి తీసుకురావాలి. అదీ నా పథకం. దేశం నుంచి వచ్చిన ఒక శుభలేఖ వెనక బొమ్మ గీశాను. హేలియార్డు ఒకటి, రీఫ్ ముందుది ఒకటి, వెనకది ఒకటి, వాంగ్ ఒకటి: నాలుగు తాళ్ళు. రెండు రీఫ్ తాళ్ళ పనినీ ఒకే తాడుతో చేయించే పద్ధతి కూడా వుంది. కాని ఆ ఒక్క తాడు ఎక్కువ గిలకలు తిరగాలి. గిలక గిలకకూ రాపిడి పెరిగి, ఆడమనిషి కాదు గదా మల్లయోధుడు లాగినా కదలదని విని, రెండు తాళ్ళే మేలనుకున్నాను. ఒక్కొక్క తాడుకు ఒక్కొక్క పట్టు. క్లచ్ అనే ఆ మీట కింద పంటి లాంటిది వుండి, తాడును కరిచి పట్టుకుంటుంది. అన్నిటికీ కలిపి ఒక వించ్.

బొమ్మ అయ్యేసరికి రాత్రి పదకొండయింది. మరీ ఇంత సులువా అనిపించింది. నిజానికి ఆ బొమ్మలో రెండు తప్పులు వున్నాయి.

నూతి గిలక చెప్పిన లెక్క

నవంబరులో పడవను క్రేనుతో లేపి ఒడ్డున స్టాండ్ల మీద నిలబెట్టారు. కొయ్యను దించి పక్కన పడుకోబెట్టారు. మా పక్క పడవ ఒక ముసలాయనది. ఒకప్పుడు వడ్రంగి. ఎనభై దాటినా మెట్లెక్కి దిగుతూనే వుంటాడు. నా శుభలేఖ చూసి, "ఈ గిలకలు దేనికి బిగిస్తావు?" అని అడిగాడు.

"డెక్కుకు. మరలు వేసి."

ఆయన ఏమీ అనలేదు. నేల మీద పడి వున్న తాడు ఒకటి తీసి నా బెల్టు కింద నుంచి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని పైకి లాగాడు. నేను కాలివేళ్ళ మీద లేచాను.

నాకు మా వూరి నుయ్యి జ్ఞాపకం వచ్చింది. పది కిలోల బొక్కెన చేదేటప్పుడు గిలకకు ఒక పక్క బొక్కెన బరువు పది, రెండో పక్క మన లాగుడు పది. గిలకను మోసే దూలం మీద పడేది ఇరవై. పైనుంచి వచ్చిన తాడు లంబంగా తిరిగి వెనక్కి వెళితే, నూరు కిలోల బిగువుకు గిలక మీద పడేది సుమారు 141 కిలోలు. అదీ ఏ దిక్కున? సగం పైకి, సగం వెనక్కి. అంటే నా తాళ్ళు నాలుగూ కలిసి డెక్కును కురుపు లేచినట్టు పైకి లేపుతాయి! ఇంజనీరునై వుండి ఈ లెక్క నేను వెయ్యలేదు. తాళ్ళ మీద వున్న మోజు అటువంటిది.

దారి కూడా ముసలాయనే చెప్పాడు. మా పడవలో కొయ్య డెక్కు మీదనే నిలబడుతుంది. గాలిలో అది కిందికి నొక్కే బలం ముందు ఈ తాళ్ళ లాగుడు ఏపాటి? కొయ్య అడుగున ఒక మందపాటి లోహపు పలక పరిచి, గిలకలను ఆ పలక అంచులకే తగిలిస్తే, తాళ్ళు పైకి లాగే బలానికి కొయ్య కిందికి నొక్కే బలం సరిపోతుంది. డెక్కుకు ఆ వూసే వుండదు. కొయ్య ఎలాగూ దించి వుంది. పలక చేయించాను.

ఒక తప్పు దిద్దుకున్నాను. రెండోది డెక్కు లోపల వుంది.

బొబ్బట్టులో నీళ్ళు

ఆ కాలపు ఫైబర్‌గ్లాస్ పడవల డెక్కు చాలా వాటిలో బొబ్బట్టు లాగా వుంటుంది. పైన పల్చని ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఇంకొక పొర, నడుమ పూర్ణం స్థానంలో బాల్సా చెక్క. బాల్సా ఎక్కువగా ఈక్వెడార్ దేశం నుంచి వస్తుంది. చేత్తో పట్టుకుంటే బెండులా తేలిక. రెండు పొరల మధ్య వుండబట్టి డెక్కు బరువు లేకుండానే గట్టిగా నిలుస్తుంది. చిక్కల్లా నీళ్ళతో. డెక్కుకు వేసిన ప్రతి మర ఒక కన్నం. కన్నం చుట్టూ వేసిన లప్పం పదిహేను ఇరవై ఏళ్ళకు ఎండి బీటలిస్తుంది. వాననీరు బొట్టుబొట్టుగా దిగి చెక్కను నానబెడుతుంది. పైకి ఏమీ కనబడదు.

దాన్ని కనిపెట్టే ఉపాయం మన సంతలోదే. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తాం. ఇక్కడ చిన్న ప్లాస్టిక్ సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోవాలి. మంచిచోట టక్కుమంటుంది. పుచ్చినచోట దబ్బుమని నీరసంగా పలుకుతుంది. మా ఆవిడ సంగీతం నేర్చుకున్న మనిషి. "మీకు తేడా తెలియదు, ఇటివ్వండి" అని సుత్తి తీసుకుంది. నేను సుద్దముక్క పట్టుకుని ఆవిడ చెప్పినచోట గీతలు గీశాను. కొత్త క్లచ్చులు కూర్చోవలసిన చోటు చుట్టూ గీత కలిసింది. పెద్ద విస్తరాకంత మేర పుచ్చు.

అక్కడి పాత క్లీటు మరలు విప్పాను. కన్నంలోంచి టీ డికాక్షన్ రంగు నీళ్ళు కారినై. వేలు పెడితే తడి పొట్టు వచ్చింది.

నేను మెట్టు మీద కూలబడ్డాను. పుచ్చిన దూలానికి కొత్త ఉయ్యాల గొలుసులు వేసి పిల్లల్ని కూర్చోబెట్టబోయాను కదా అనిపించింది. కొత్త తాడు బలమైన కొద్దీ అది తగిలించిన చోటును ఎక్కువ బలంతో లాగుతుంది. పాత తాడయితే ముందు తాను తెగి వూరుకునేది. కొత్త తాడు తెగదు. కాబట్టి డెక్కు వూడుతుంది. అదీ గాలీవానలో, మా ఆవిడ చేతిలో.

ముదిరిన పాకం

పై పొరను చతురంగా కోసి తీసి, నల్లబడ్డ చెక్కను గోకి పారేసి, ఫ్యాను పెట్టి పదిరోజులు ఆరబెట్టాం. తరవాత కొత్త బాల్సా పెట్టి ఎపాక్సీ అనే జిగురుతో అతకాలి. ఎపాక్సీ అంటే రెండు సీసాల్లో వచ్చే రెండు ద్రవాలు. చెప్పిన పాళ్ళలో కలిపితే వాటంతటవే వేడెక్కి రాయిలా గట్టిపడతాయి. చలిలో సరిగ్గా గట్టిపడవు. అందుకని ఏప్రిల్ దాకా ఆగాను. ఎండ వచ్చిందన్న సంతోషంలో పెద్ద గ్లాసు నిండా ఒకేసారి కలిపి, కుంచె కోసం వెతుక్కుంటున్నాను. ఇంతలో గ్లాసులోంచి పొగ! పట్టుకుంటే చెయ్యి కాలింది. ఎక్కువ మొత్తం ఒకే చోట కుప్పగా వుంటే తన వేడికి తానే ఉడుకుతుందట.

మా ఆవిడ కింద నుంచి చూసి, "తీగపాకం దాటి ముదురుపాకమైంది. కొంచెం కొంచెం కలుపుకోవాలి, వెడల్పు పళ్ళెంలో పోసుకోవాలి. లడ్డూలు చెయ్యటం ఎన్నడన్నా చూస్తేగా!" అన్నది. వెడల్పు పళ్ళెంలో పల్చగా పోసుకుంటే నిజంగానే పావుగంట వ్యవధి దొరికింది. పళ్ళెం ఎవరిదన్న విషయం మీద మరొక చర్చ జరిగింది. అది ఇక్కడ అనవసరం.

ఇక కన్నాలు. ఈ ఒక్క పద్ధతి తెలిసివుంటే మా పడవ ఇంత దాకా వచ్చేది కాదు. మర పట్టేంత కన్నం వేసి మర బిగించటం కాదు. ముందు పెద్ద కన్నం వెయ్యాలి. వంచిన మేకును డ్రిల్లుకు తగిలించి, లోపలి చెక్కను చుట్టూ మరి కాస్త తొలిచి తియ్యాలి. అడుగున అంటురేకు అంటించి, కన్నం నిండా చిక్కని ఎపాక్సీ పొయ్యాలి. అది రాయి అయిన తరవాత, ఆ రాతి నడుమ అసలు కన్నం వెయ్యాలి. అప్పుడు మరకూ చెక్కకూ మధ్య గోడ కట్టినట్టే. రేపు నీరు దిగినా కిందికి కారి మనకు కనబడుతుందే గాని, చెక్కలోకి పోదు. పైన క్లచ్ కింద బ్యూటిల్ అనే మెత్తటి పట్టీ. అది చపాతీపిండిలా ఎన్నేళ్ళయినా మెత్తగానే వుంటుంది. కింద నట్టుకు చిన్న వాషరు చాలదు. లోపల కప్పుకు అరచెయ్యంత అల్యూమినియం పలక వేసి, లాగుడంతా దాని మీద పరుచుకునేట్టు చెయ్యాలి. బిగించేటప్పుడు పైన మర తిరగకూడదు, కింద నట్టే తిరగాలి. మర తిరిగితే పట్టీ చిరుగుతుంది. ఇందుకు ఇద్దరు మనుషులు కావాలి. పైన నేను, కింద ఆవిడ. "తిప్పనా?" "తిప్పు." "చాలా?" "ఇంకొక్క పిసరు." పెళ్ళయిన ముప్ఫయ్యారేళ్ళలో ఇంత ఏకాభిప్రాయం మామధ్య ఎన్నడూ లేదు.

బలం చూశాను, చెయ్యి చూడలేదు

తాళ్ళ సంగతి ఇప్పుడు చెప్పాలి. మా పాత హేలియార్డులో సగం ఇనుప తీగ, సగం తాడు. 1970లలో చాలా పడవలకు అదే పద్ధతి. అప్పటి తాడు సాగేది, తీగ సాగదు. కాని తీగలో పోగు తెగితే సూదిలా లేచి చేతిని చీరుతుంది. ఇప్పుడు డైనీమా అనే దారం వచ్చింది. నెదర్లాండ్స్‌లో 1979లో దాన్ని వడికే పద్ధతి కనిపెట్టారు. మనం వాడే ప్లాస్టిక్ సంచుల పాలిథిన్ జాతిదే. వడికే పద్ధతిలో మహిమ అంతా వుంది. బరువుకు బరువు చూస్తే ఉక్కును ఎన్నో రెట్లు మించిన బలం. దాదాపు సాగదు. నీళ్ళలో తేలుతుంది. లోపాలూ వున్నాయి: నున్నన కాబట్టి ముడి జారుతుంది, పాయలు విడదీసి పేనుకోవలసిందే. 150 డిగ్రీల లోపు వేడికే కరుగుతుంది.

నేను దుకాణంలో ఆ బలం అంకెలు చూసి మురిసిపోయి, పై తొడుగు లేని 8 మిల్లీమీటర్ల తాడు కొన్నాను. మా పడవంత బరువును అవలీలగా వేలాడదీస్తుంది. ఇంట్లో మా ఆవిడ చేతికిస్తే రెండుసార్లు లాగి, "ఇది పట్టుకునే తాడా, కోసే తాడా?" అన్నది. సన్నం, పైగా నూనె రాసినట్టు జారుడు. క్లచ్ పళ్ళ మధ్య పెట్టి చూస్తే అక్కడా జారింది. బలం చూశాను గాని, లాగే చెయ్యిని చూడలేదు. ఆ తాడు తిరిగి ఇచ్చేసి, లోపల డైనీమా, పైన పాలియెస్టర్ తొడుగు వున్న 10 మిల్లీమీటర్లది తెచ్చాను. తీగ కోసం చేసిన కొయ్య తల గిలకలో గాడి సన్నం. తాడు అందులో నలుగుతుంది. ఆ గిలకనూ మార్చాను. అన్నట్టు, లంగరుకు మటుకు ఈ సాగని తాడు పనికిరాదు. దానికి సాగే నైలానే మేలు. అల కొట్టినప్పుడు సాగి దెబ్బను మింగుతుంది.

కొయ్య లోపలి నుంచి పాత తాడు తీసి కొత్తది ఎక్కించటానికి ఒక కిటుకు వుంది. పాత తాడు కొసకు కొత్తది కలిపి లాగెయ్యటమే. కాని ముడి వేస్తే గిలక దగ్గర ఇరుక్కుంటుంది. రెండు కొసలూ ఎదురెదురుగా ఆనించి, మైనం పూసిన దారంతో కుట్టాలి. మా ఆవిడ పది నిమిషాల్లో కుట్టింది. వేలితో తడిమితే అతుకు తెలియలేదు.

ఇక వించ్. అది ఒక డోలు, దానికి పిడి. తాడును డోలుకు చుట్టి పిడి తిప్పితే మన బలం ఎన్నో రెట్లవుతుంది. చుట్టలోనే ఇంకొక విచిత్రం వుంది: ఒక్కొక్క చుట్టుకు పట్టు సుమారు అయిదు రెట్లు పెరుగుతుంది. మూడు చుట్లు వేస్తే చిటికెనవేలితో పట్టుకున్న తాడు నూరు రెట్ల లాగుడుకు నిలుస్తుంది. మా వించ్‌ను విప్పితే లోపల గ్రీజు తారులా గడ్డకట్టి వుంది. విప్పేటప్పుడు చుట్టూ అట్టపెట్టె పెట్టుకోవాలి, స్ప్రింగులు ఎగిరి నీళ్ళలో పడతాయి. పెట్టె పెట్టినా ఒకటి ఎగిరింది. పళ్ళచక్రాలకు పల్చగా గ్రీజు, పిడి వెనక్కి తిరగకుండా ఆపే చిన్న పంటి ముక్కలకు మాత్రం చుక్క నూనె. వాటికీ గ్రీజు పూస్తే అంటుకుపోయి, పిడి గిర్రున వెనక్కి తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది.

ఖర్చు శుభలేఖ మీద వేసిన లెక్కకు రెట్టింపయింది. ఒంటరిగా భూగోళాన్ని చుట్టిన మొదటి మనిషి జాషువా స్లోకమ్, పొలంలో పడి వున్న ఒక పాడు పడవను 13 నెలలు కష్టపడి 553 డాలర్ల 62 సెంట్లతో బాగుచేసుకుని, 1895లో దానిలోనే బయలుదేరాడు. ఆ అంకె మా ఆవిడకు చూపించాను. "ఆయన ఆ పడవలో భూమి చుట్టి వచ్చాడు, మనం లైట్‌హౌసు దాకా వెళ్ళి రావటానికి" అన్నది.

పేర్లు తెలుగులో

మే నెలలో పడవ నీళ్ళలోకి దిగింది. నాలుగు క్లచ్చులు వరసగా నిలబడ్డాయి. తాళ్ళ రంగులు ఆవిడే ఎంచింది: హేలియార్డు ఎరుపు, రీఫ్ ముందుది పసుపు, వెనకది ఆకుపచ్చ, వాంగ్ నీలం. ఇంగ్లీషు పేర్లు గాలిలో గుర్తుకు రావటం లేదని, క్లచ్చుల మీద తెల్లరంగుతో తెలుగులో రాసింది: ఎత్తు, ముందు, వెనక, అడ్డం. తెరచాప ఎంత దించాలో తెలియటానికి హేలియార్డు మీద నల్లదారంతో ఒక గుర్తు కుట్టింది. ఆ గుర్తు క్లచ్ దగ్గరికి వస్తే చాలు, తల ఎత్తి చూడనక్కరలేదు. ఇది ఏ పుస్తకంలో చదివావని అడిగితే, "జాకెట్టు కుట్టేటప్పుడు గుర్తు పెట్టుకోమా?" అన్నది.

ఆవిడకు ఈ పట్టుదల ఎక్కడిదో తరవాత తెలిసింది. 2017 సెప్టెంబరులో భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి, 254 రోజులకు భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి. ఆ వార్త కాగితం మా ఆవిడ వంటింటి అలమరలో దాచి వుంచింది. నేను ఇన్నాళ్ళూ చూడలేదు. "హారన్ అగ్రం దగ్గర సముద్రంలో వాళ్ళు తాళ్ళు లాగారు. అడుగు లోతు తెలిసిన ఈ అఖాతంలో నేను లాగలేనా? నాకు అందేచోట పెట్టారా ఎప్పుడైనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళూ ఆవిడకు భయమని అనుకున్నాను. భయం పడవంటే కాదు. పడవలో తనకు చెయ్యటానికి ఏమీ లేకపోవటమంటే.

చేతులు కట్టుకు కూర్చున్నాను

జూన్‌లో ఒక శనివారం. థామస్ పాయింట్ దగ్గర 1875లో నీళ్ళ నడుమ ఇనుప కాళ్ళ మీద కట్టిన ఆరు పలకల లైట్‌హౌసు వుంది. అది కనుచూపులో వుండగా దక్షిణపు గాలి పెరిగింది. నీటి మీద తెల్ల నురగలు లేచినై. పడవ ఒక పక్కకు వాలింది. నా చెయ్యి అలవాటు ప్రకారం తాళ్ళ మీదికి వెళ్ళింది.

"మీరు చుక్కాని పట్టుకోండి. మాట్లాడవద్దు" అన్నది మా ఆవిడ.

షీట్ వదిలింది. తెరచాప టపటపా కొట్టుకుంది. ఎర్ర తాడును వించ్‌కు మూడు చుట్లు చుట్టి, క్లచ్ ఎత్తి, నల్లదారం గుర్తు వచ్చేదాకా మెల్లగా వదిలింది. పసుపు తాడు లాగింది. సగంలో ఆగిపోయింది. నా గుండె ఆగింది. ముందుకు వెళదామని లేవబోయాను. ఆవిడ నావైపు ఒక్క చూపు చూసింది, కూర్చున్నాను. ఎర్ర తాడు మరొక జానెడు వదిలి, పసుపు మళ్ళీ లాగింది. వచ్చింది. ఎరుపు బిగించింది. ఆకుపచ్చ తాడు వించ్‌కు చుట్టి పిడి తిప్పింది. వెనక కన్నం అడ్డకొయ్యకు ఆనుకుంది. షీట్ బిగించింది. పడవ లేచి నిలబడి, పరుగు అందుకుంది.

నాలుగు నిమిషాలు పట్టింది. కొయ్య దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

నేను గది లోపలికి దిగి, కప్పు అడుగున పలకలూ నట్లూ తడిమి చూశాను. పొడిగా వున్నాయి. బయటనుంచి చూసేవాడికి మెరిసే క్లచ్చులూ రంగు తాళ్ళే కనబడతాయి. వాటి కింద ఆర్నెల్లు మేమిద్దరం ఏం చేశామో ఆ పలకలకే తెలుసు. మీలో చాలామందికి పడవ వుండకపోవచ్చు, పాత ఇల్లు వుంటుంది. పాత దూలానికి కొత్త ఫ్యాను తగిలించబోయే ముందు, నిచ్చెన వేసుకుని ఒకసారి దూలాన్ని కొట్టి చూడండి. చెవి బాగున్నవాళ్ళను పక్కన పెట్టుకోండి.

తిరిగి వచ్చి రేవులో కట్టేటప్పుడు పక్క పడవవాళ్ళు మా క్లచ్చుల మీద అక్షరాలు చూసి, అది ఏ కంపెనీ సరుకని అడిగారు. మా ఆవిడ గంభీరంగా "ఇంట్లో తయారు" అన్నది.

ఇంటికి వచ్చాక, పడవ అమ్మకానికి నేను రాసి పెట్టుకున్న ప్రకటన కోసం బల్ల సొరుగు వెతికాను. కనబడలేదు. సాయంకాలం ఆ కాగితం వెనక పప్పులూ, చింతపండూ, కరివేపాకూ అని రాసి నా చేతికిచ్చి దుకాణానికి పంపింది. గుమ్మం దాటుతుండగా వెనకనుంచి పిలిచింది.

"ఏమండీ, అంతా బాగానే వుంది గాని, ఆ ముందు చిన్న తెరచాప దించటానికి మీరు ఇప్పటికీ ముందుకే వెళ్ళాలి కదూ?"

వెళ్ళాలి. అందుకే ఇప్పుడు నడుముకు పట్టీ వేసుకుని, దాన్ని పడవకు తగిలించుకుని మరీ వెళుతున్నాను. అయినా ఆ రాత్రి మరొక శుభలేఖ వెతికి తీశాను.